పాట నడిచొచ్చిన తొవ్వ

ఇరవై ఏళ్ల కిందటి మాట. టీచర్ ట్రైనింగ్ డిప్లొమా చేతికొచ్చి, ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులు. మా ఏర్గట్ల దిక్కు పసుపు తవ్వకాలు సాగుతున్నాయి. మా మేనత్త చేన్లో కూర్చుని పసుపు కొమ్ములు విరుస్తూ పాడుతుంటే, నేను పక్కన కూర్చుని నోట్‌బుక్కులో రాసుకున్నాను. పదమూడు చరణాలు వచ్చాయి. రాయడం అయిపోయాక గర్వంగా ఆమెకు చదివి వినిపించాను. ఆమె అంతా విని, చేతిలోని కొమ్ము గంపలో వేసి, "ఇవి నా పాటల మాటలు అల్లుడా. పాట ఏడ పెట్టినవ్?" అని అడిగింది.

నేను నవ్వి ఊరుకున్నాను. నాలుగేళ్లకు మేనత్త పోయింది. నోట్‌బుక్కు ఉంది, పదమూడు చరణాలూ ఉన్నాయి. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఆగాలో, ఏ మాట దగ్గర పక్కనున్న ఆడవాళ్లు అందుకోవాలో మాత్రం అందులో లేదు. సొంత మేనత్త పాటను నేను పాడలేను. ఆమె అడిగిన ప్రశ్న అప్పుడు అర్థమైంది.

మన పెద్దలకు బడి లేదు, పుస్తకం లేదు. అయినా పాట తరతరాలు నడిచొచ్చింది. ఎట్లా నడిచొచ్చింది? ఆ చరిత్రలో నుంచి ఇవాళ సంగీతం చెప్పే టీచర్లకు, నేర్చుకునే పిల్లలకు, కొత్త పాటలు కట్టేవాళ్లకు పనికొచ్చేది ఏమిటి? ఈ వ్యాసంలో ముందు ఆ చరిత్ర కొంత చెప్తాను. తర్వాత, దాని నుంచి నేర్చుకుని నా తరగతి గదిలో వాడి చూసిన కిటుకులు చెప్తాను.

గోదారి అవతల

మేము నాయకపోళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడుతం. లక్ష్మీదేవర, భీమన్న కొలువుల దగ్గర పాడే పాటలు మాకున్నాయి. కానీ పాటను నేర్పడానికి ఒక కట్టుదిట్టమైన పద్ధతి ఎట్లా ఉంటుందో చూడాలంటే మా మండలం నుంచి గోదారి దాటాలి. అవతలి ఒడ్డు పాత ఆదిలాబాద్ జిల్లా. అక్కడి రాజ్‌గోండుల పురాణమంతా, అంటే సగలు ఎట్లా పుట్టాయి, పహండి కుపార్ లింగాల్ ఏం చేశాడు, జంగుబాయి ఎవరు అన్నదంతా, వాళ్లు స్వయంగా కంఠస్థం పెట్టుకోలేదు. ఆ పనిని ప్రధానులకు, తోటీలకు అప్పగించారు.

ఒక్కో ప్రధాన్ కుటుంబానికి కొన్ని గోండు ఇళ్లు ఉంటాయి. ఆ ఇళ్ల పెళ్లికి, చావుకు, పెర్సపేన్ కొలువుకు ప్రధాన్ వచ్చి, కమానుతో వాయించే కిక్రి పట్టుకుని ఆ వంశం కథ పాడాలి. గోండులు ఆయనకు ధాన్యమో, పశువో, బట్టలో ఇచ్చుకోవాలి. కొడుకు తండ్రి వెంట తిరుగుతూ నేర్చుకుంటాడు. ముందు వింటాడు, తర్వాత తండ్రి పాడిన చివరి మాటను అందుకుంటాడు, చాలా కాలానికి గానీ సొంతంగా ఎత్తుకోడు. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఎదురుగా కూర్చుని వినే గోండు పెద్దలకు పాడటం రాకపోవచ్చు గానీ కథ తెలుసు. ఒక పేరు తప్పినా, ఒక ఊరు విడిచినా అక్కడే ఆపి అడుగుతారు. పాడేవాడి నోరు, వినేవాళ్ల చెవులు రెండూ కలిసి పాటను కాపాడాయి.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతర అందరికీ తెలిసిందే. దానికి ముందు మెస్రం వంశస్థులు కాలినడకన జన్నారం దిక్కు హస్తినమడుగుకు పోయి గోదావరి జలం తెస్తారు. మా తడ్పాకల్ రేవును దాటి పారిన నీళ్లే అవి. ఆ నడకలో, ఆ మజిలీల్లో పిల్లలు పెద్దల నోటి నుంచి వంశ చరిత్ర వింటారు. దండారి కూడా అంతే. దీపావళి ముందు రోజుల్లో గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకుని, గుమేల, పర్ర, డోలు, పెప్రెలతో ఊరూరికీ విడిదికి పోతారు. ఆ రోజుల్లో వాళ్ల వెంట తిరిగిన పిల్లవాడికి ఆటా పాటా రెండూ ఒంట పడతాయి. దీపావళి తర్వాత కోలబోడితో దండారి ముగుస్తుంది. మళ్లీ ఏడాది దాకా ఆ గుస్సాడీ టోపీ బయటికి రాదు. పాటకు కాలం ఉంది కాబట్టే దానికోసం ఎదురుచూపు ఉంది.

గోదావరి వెంబడి ఇంకా కిందికి పోతే కోయల దగ్గర డోలీలు ఉన్నారు. ఇలవేల్పుల కథలను పడిగె మీది బొమ్మలు చూపిస్తూ డోలు వాయించి చెప్తారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల చరిత్రను అట్లా చెప్పినవాడు. బొమ్మ వరస తప్పకుండా ఉంటే కథ వరస తప్పదు. మనం తరగతిలో చార్టు వేలాడదీస్తున్నామంటే ఆ పనే చేస్తున్నాం.

1943, మార్లవాయి

రాత మన దగ్గరికి ఎట్లా వచ్చిందో కూడా చూద్దాం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, ఆదివాసీల ఇబ్బందులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశాడు. అక్కడే 1943లో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. చదువును గోండీలో మొదలుపెట్టారు. నాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేశారు. నాలాంటి టీచర్ ట్రైనింగ్ చదివిన ఆదివాసీలందరికీ ఆ కేంద్రం తాతల ఇల్లు లాంటిది. పిల్లవాడి ఇంటి మాటతో మొదలుపెట్టి బయటి మాటకు పోవాలన్న పాఠం మన నేల మీద అక్కడ మొదలైంది. పాట పాఠానికి కూడా అదే సూత్రం. ప్రధానులు చెప్పిన పురాణాలను కూడా హైమన్‌డార్ఫ్ రాసుకున్నాడు. 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం వచ్చింది.

గోండీకి సొంత లిపి కూడా ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే ఆ అక్షరాలు ఇప్పుడు ఫోన్‌లో, కంప్యూటర్‌లో పట్టే తొవ్వ ఏర్పడింది.

తెలుగు పాటల సేకరణలో బిరుదురాజు రామరాజు పేరు ముందు చెప్పుకోవాలి. ఆయన తెలుగు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన 1958లో పుస్తకంగా వచ్చింది. ఆ తొవ్వన ఎందరో పల్లెలు తిరిగి పాటలు రాసుకున్నారు. ఆ పని జరగకపోతే ఎన్నో పాటలు మాటలుగా కూడా మిగిలేవి కావు. అయితే మా మేనత్త ప్రశ్న చాలా పుస్తకాలకు కూడా వర్తిస్తుంది. మాటలున్నాయి. వరస, దరువు, అందుకునేవాళ్ల చోటు లేవు.

పాట ఎవరిది

మాభూమి సినిమా 1980లో వచ్చింది. అందులో గద్దర్ పాడిన బండి పాట వినని తెలంగాణ మనిషి ఉండడు. చాలామంది అది ఎవరు కట్టారో తెలియని జనం పాట అనుకున్నారు. దాన్ని కట్టింది బండి యాదగిరి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్నవాడు. పశువులు కాసే పిల్లవాడి మీద సుద్దాల హనుమంతు కట్టిన పాట కూడా అదే సినిమాలో ఉంది. జనం నోట్లో పడ్డ పాటకు కట్టినవాళ్ల పేరు ఎంత తొందరగా రాలిపోతుందో చెప్పడానికి యాదగిరి పాట ఒక్కటి చాలు.

మా ఇంట్లో కూడా ఇదే జరిగింది. మేనత్త బతికున్న రోజుల్లో ఎవరో వచ్చి ఆమె పాటను రికార్డు చేసుకుని పోయారు. ఛాయ్ తాగి పోయారు. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక పెళ్లి బరాత్‌లో డీజే దరువు కింద ఆ పాట వినిపించింది. ఫోన్‌లో వెతికితే వీడియో దొరికింది. రచన, సేకరణ అన్న చోట వేరే ఎవరి పేర్లో ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. దుఃఖమూ వచ్చింది. కానీ నిజం చెప్పాలి. నా నోట్‌బుక్కులో లేని వరస ఆ వీడియోలోనే ఉంది.

గుస్సాడీ ఆటను ఎంతోమందికి నేర్పిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. సకిని రామచంద్రయ్యకు 2022లో వచ్చింది. ఇద్దరూ 2024లోనే మనల్ని విడిచిపోయారు. బిరుదు వచ్చిన రోజు చప్పట్లు కొట్టిన మనలో ఎంతమందిమి వాళ్ల దగ్గర ఒక్క దరువైనా నేర్చుకున్నాం? ఈ ప్రశ్న ముందు నన్ను నేనే అడుక్కుంటున్నాను.

పాట నేర్పే టీచర్లకు

మొదటిది, పాటను ముక్కలు చేసి మొదలుపెట్టొద్దు. ముందు మొత్తం పాట రెండు మూడు సార్లు పాడి వినిపించాలి. ప్రధాన్ కొడుకు ఏళ్ల తరబడి విన్నాడు, మన పిల్లలు కనీసం మూడు సార్లు వినాలి. తర్వాత పల్లవి చివరి మాటను మాత్రం అందుకోమనాలి. అది కుదిరాక పల్లవి, ఆ తర్వాత చరణం. బోర్డు మీద రాయడం చివరికి. ముందే రాస్తే పిల్లలు బోర్డును చదువుతారు, పాట వినరు.

రెండోది శ్రుతి. మగ టీచర్లు చేసే పెద్ద తప్పు ఇక్కడే. మన గొంతుకు హార్మోనియం మీద ఒకటి, ఒకటిన్నర శ్రుతి హాయిగా ఉంటుంది. పిల్లల్లో చాలామందికి నాలుగున్నర, ఐదు దగ్గర కుదురుతుంది. మన శ్రుతిలో పాడమంటే కింది స్వరాలు అందక గొణుగుతారు, పై స్వరాల దగ్గర అరుస్తారు. అందుకే గొంతు బాగా పలికే ఒక అమ్మాయితో పాట ఎత్తించి, ఆ శ్రుతికి మనమే సర్దుకోవాలి. అరిచి పాడితే మెచ్చుకోకూడదు. పక్కవాడి గొంతు తనకు వినపడేటంత మెల్లగా పాడమనాలి.

మూడోది, పనినీ ఆటనూ పాట నుంచి విడదీయొద్దు. మా మేనమామ చెరుకు సీజన్‌లో బోధన్ దిక్కు పోయి బండ్లు తోలేవాడు. 1937లో పెట్టిన నిజాం షుగర్స్ చుట్టూ ఆ దిక్కు బతుకంతా అల్లుకుని ఉండేది. బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. ఎద్దుల నడకకు కుదిరిన పాట మేనమామకు ఇప్పుడు కూర్చుంటే రాదు. లేచి నాలుగు అడుగులు వేస్తే వస్తుంది. అందుకని నాటు పాటను వంగి నాటుతున్నట్టు చేస్తూ, దంపుడు పాటను రోకలి వేటుతో, తొవ్వ పాటను నడుస్తూ నేర్పండి. లయ లెక్కపెట్టకుండానే కుదురుతుంది.

నాలుగోది, ఊరి పెద్దమనిషిని బడికి పిలవండి. పిలిచేటప్పుడు మర్యాద ముఖ్యం. పిల్లల ముందు ఆమెకు కుర్చీ వేయండి, ఆమె చాప అడిగితే చాప వేయండి. ఆ రోజు కూలి ఆమెకు పోతుంది కాబట్టి కూలికి తగ్గకుండా చేతిలో పెట్టండి. గోండులు ప్రధాన్‌కు ఇచ్చింది అదే. ఉత్త చప్పట్లతో పంపితే రెండోసారి రాదు.

అయిదోది, అడగకుండా కొలువు పాటలను స్టేజీ ఎక్కించొద్దు. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం వచ్చిందంటే అందరికీ తొందర. దేవుని ముందు పాడేది, చావు దగ్గర పాడేది, పెళ్లిలో పాడేది వేర్వేరు. ఏది ఎక్కడ పాడొచ్చో పెద్దలను అడిగి, వాళ్లు వద్దంటే మానుకోవాలి. పని పాటలు, ఆట పాటలు, జోల పాటలు ఎన్నో ఉన్నాయి. వాటితో మొదలుపెట్టండి. తండా పిల్లలుంటే వాళ్ల లంబాడీ పాట ఒకటి వాళ్లనే నేర్పమనండి. ఆ రోజు వాళ్లు గురువులు, మనం పిల్లలం.

ఆరోది, వాద్యం సంగతి. డప్పునైనా గుమేలనైనా వాయించే ముందు మంట సెగకు కాచాలి. తోలు బిగిస్తేనే నాదం. పొగ చూరేటంత దగ్గర పెట్టొద్దు. వానాకాలం చెమ్మ గోడకు ఆనించొద్దు. ఈ పనిని పిల్లలకే అప్పగిస్తే వాద్యం మీద వాళ్లకు గౌరవం వస్తుంది.

నేర్చుకునే పిల్లలకు

పాట రాసుకునేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. మాట పాడినట్టే రాయండి, పుస్తకం భాషకు మార్చొద్దు. రెండుసార్లు పాడితే రెండుసార్లు రాయండి. అడుగు పడే అక్షరం కింద చుక్క పెట్టండి. సాగదీసే అక్షరం పక్కన గీత గీయండి, ఎంత సాగితే అంత పొడుగు. గుంపు అందుకునే చోట ఒక గుర్తు పెట్టండి. ఈ మూడు గుర్తులతో రాసిన పాటను పదేళ్ల తర్వాత చూసినా చాలా వరకు మళ్లీ పాడొచ్చు. పేజీ పైన పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ సందర్భంలో పాడతారో రాయాలి.

ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు ముందు అడగండి. ఫ్యాను ఆపండి, ఫోన్‌ను మూరెడు దూరంలో కదలకుండా పెట్టండి. పాట మొదలయ్యే ముందు పాడేవాళ్ల పేరు వాళ్ల నోటితోనే చెప్పించండి. అప్పుడు పాట ఎక్కడికి పోయినా పేరు వెంట పోతుంది. ఒక్కరే పాడిన రికార్డుతో సరిపెట్టొద్దు. అందుకునేవాళ్లు ఉన్నప్పుడు ఇంకొకటి చేయండి.

ఇంటి దగ్గర రోజూ పావుగంట సాధన చాలు. ముందు మాటలు లేకుండా వరసను మూగగా పలకండి. తర్వాత చేతితో దరువు వేస్తూ మాటలు చెప్పండి. చివరికి రెండూ కలపండి. తప్పు ఎక్కడ జరుగుతుందో ఆ ఒక్క పాదాన్నే మళ్లీ మళ్లీ పాడాలి. ప్రతిసారీ మొదటికి పోతే మొదలు బాగా వస్తుంది, తప్పు మాత్రం అట్లానే ఉంటుంది.

పాట కట్టేవాళ్లకు

పల్లవి చిన్నదిగా ఉండాలి. ఒక్క ఊపిరిలో గుంపు అందుకోగలగాలి. చరణంలో ఒక్క సంగతి చెప్పండి, దాన్ని కంటికి కట్టించండి. "పేదరికం" అని రాసేకన్నా ఇంట్లో ఏ కుండ ఖాళీగా ఉందో చెప్తే వినేవాళ్లకు ఎక్కుతుంది. కొత్త పాటను మొదట మైకు ముందు పాడొద్దు. బీడీలు చేస్తున్న ఆడవాళ్ల దగ్గరో, పసుపు విరుస్తున్నవాళ్ల దగ్గరో పాడి చూడండి. రెండోసారికి పల్లవి వాళ్లు అందుకుంటే పాట కుదిరినట్టు. ఏ మాట దగ్గర తడబడ్డారో చూసి ఆ మాట మార్చండి.

పాత వరస మీద కొత్త మాటలు కట్టడం తప్పు కాదు. పోరాట పాటలన్నీ అట్లానే వచ్చాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో జరిగిన కాల్పులను జనం పాటల్లోనే తలుచుకున్నారు. కానీ వరస ఎక్కడిదో చెప్పండి. దేవుని కొలువు వరసను ఎన్నికల ప్రచారానికో బరాత్‌కో వాడొద్దు.

చట్టం కూడా కొంచెం తెలుసుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పాట కట్టినవాళ్లకు జీవితాంతం, వాళ్లు పోయాక ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పాటను అమ్ముకున్నా, కట్టింది నేనే అని చెప్పుకునే హక్కు పోదు. పాడేవాళ్లకు ప్రదర్శకుల హక్కును 1994 సవరణ ఇచ్చింది. వాళ్ల పేరు వేయించుకునే హక్కును 2012 సవరణ చేర్చింది. తరతరాల పాటకు ఒక్క కర్త ఉండడు కాబట్టి ఈ చట్టం ఊరికి హక్కు ఇవ్వదు, పాడిన మనిషికి ఇస్తుంది. అందుకే పాడినవాళ్ల పేరు రాసి పెట్టుకోవడం అంత ముఖ్యం. సంతకం పెట్టమని కాగితం ఇస్తే చదివించుకుని, అర్థమయ్యాకే పెట్టండి.

మళ్లీ పసుపు చేన్లో

పోయిన ఏడాది పసుపు తవ్వకాల్లో ఒక ఆదివారం ఏడో తరగతి పిల్లలను చేనుకు తీసుకుపోయాను. నోట్‌బుక్కు పట్టుకుపోయాను. వీడియోలో విన్న వరస మీద మేనత్త పాట మొదటి చరణం పాడాను. కొమ్ములు విరుస్తున్న ఆడవాళ్లలో ముసలామె ఒకరు మేనత్తతో కలిసి పనిచేసినామె. ఆమె చెయ్యి ఆపింది. "గట్ల గాదు సారూ. గీడ నువ్వు ఆగాలె. గీడ మేమందుకునేది" అన్నది. అని, అందుకున్నది.

వీడియోలో అందుకునేవాళ్లు లేరు. డీజే దరువు ఆ ఖాళీని నింపేసింది. నేను ఇరవై ఏళ్లు పాడేవాళ్ల గురించే ఆలోచించాను. మేనత్త పాటలో సగం ఆమె పక్కన కూర్చున్నవాళ్ల దగ్గర ఉంది. అది ఇంకా ఏర్గట్లలోనే ఉంది. గోండు పెద్దల చెవులు కాపాడినట్టే మా ఊళ్లో ఈ ఆడవాళ్లు కాపాడారు.

పదమూడు చరణాల్లో ఆరు ఆమెకు వరసతో సహా గుర్తున్నాయి. వాటిని పిల్లలు నేర్చుకున్నారు. మిగిలిన ఏడింటికి అందుకునే చోటు ఎక్కడో ఇంకా తేలలేదు. పక్క ఊళ్లలో మేనత్త ఈడు వాళ్లు ఇంకా కొందరున్నారు, వచ్చే తవ్వకాల లోపల వాళ్ల దగ్గరికి పోవాలి. ఆ రోజు సాయంత్రం పాత నోట్‌బుక్కులో చుక్కలు, గీతలు పెట్టాము. పేజీ పైన మేనత్త పేరు రాశాను. దాని కింద అందుకున్నామె పేరును మా ఏడో తరగతి పాప ఒకతి తన చేత్తో రాసింది.